ఆయనకి సైటొచ్చింది

ఫిబ్రవరి 25

రోజూ ఏదో ఒకటి రాయి, లేకపోతే వచ్చిన నాలుగు ముక్కలూ మర్చిపోతావు, అన్నారాయన. నాది ఆరో తరగతితో ఆగిన చదువు. మర్చిపోవడానికి మాత్రం ఎంతుంది గనక. కాలేజీలో గీసి పారేసిన పెద్ద కాగితాలు కోసి, మడతపెట్టి, దారంతో కుట్టి ఇచ్చారు. కాగితానికి ఒక పక్క ఇళ్ళు, రెండో పక్క నేను.

ఏం రాయాలో తోచక గది గురించి రాస్తున్నాను.

ఇది స్టోరు గది. బావగారి ఇంట్లో మాకు ఇచ్చింది ఇదే. బావగారికి టైల్సు, కుళాయిలు అమ్మే దుకాణం ఉంది. అక్కడ అమ్ముడుపోని పెట్టెలు ఈ గోడకి, ఉల్లిపాయల బుట్ట ఆ గోడకి, మధ్యలో మా మంచం. కిటికీ లేదు. పైన రెండు ఇటుకలు తీసిన కంత ఉంది. తలుపు బయటికి తెరుచుకుంటుంది. గడియ బయటే ఉంది, లోపల లేదు. సామాన్లు లోపలినుంచి గడియ వేసుకోవు కదా.

తోడికోడల్ని అక్కా అని పిలుస్తాను. ఉల్లిపాయలకి ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. ఇవాళ నేను బట్టలు మార్చుకుంటుంటే వచ్చింది. "అబ్బే, నేనేం చూళ్ళేదులే" అంటూ నింపాదిగా ఏరుకుంది. మెత్తబడినవి ఒకటీ ఒకటీ వేరు చేసి మరీ.

మంచిదే. మనసులో ఏమీ పెట్టుకోదు.

ఫిబ్రవరి 27

ఇంట్లో అందరూ ఆయన్ని ఇంజనీరంటారు. ఆయన ఆర్కిటెక్టు. తేడా ఏమిటని అడిగాను.

"ఇల్లు పడిపోకుండా చూసేవాడు ఇంజనీరు. ఇంట్లో మనిషి పడిపోకుండా చూసేవాడు ఆర్కిటెక్టు" అన్నారు.

బాగుంది. అక్కకి చెబుదామనుకున్నాను. చెప్పలేదు. నా మాట గొంతు దాకా వచ్చి, బయట ఎవరున్నారో తొంగి చూసి, వెనక్కి వెళ్ళిపోతుంది.

మార్చి 1

ఇవాళ రెండు ఆఫీసులకి వెళ్ళారు. ఒకచోట ఆయన గీసిన కాగితాలున్న గొట్టం విప్పనివ్వనే లేదట. అనుభవం ఉందా అని అడిగారట. ఉద్యోగం ఇస్తే వస్తుందండీ అన్నారట ఈయన. అనుభవం ఉంటే ఇస్తాం అన్నారట వాళ్ళు.

పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు అన్నట్టుంది. ఆ మాటే అంటే నవ్వారు. "నాకు పెళ్ళి కుదిరిందిగా. మరి పిచ్చి ఎందుకు కుదరలేదంటావ్?" అన్నారు.

నవ్వారు కాబట్టి ఫరవాలేదు.

మార్చి 4

మధ్యాహ్నం పెట్టెల వెనక ఊడుస్తుంటే అక్క అటుగా వెళ్తూ బయట గడియ వేసేసింది. అలవాటు. నేను లోపల ఉన్నాను.

తియ్యండి అని అరవాలి. అంతే కదా. నోరు రాలేదు. తలుపు మీద వేళ్ళతో కొట్టాను, ఎవరికీ వినపడనంత మెల్లగా. ఎవరికీ వినపడలేదు కాబట్టి మంచం మీద కూర్చున్నాను. కంతలోంచి వెలుగు గోడ మీద కొంచెం కొంచెం కిందికి దిగింది. దాహం వేసింది.

చివరికి అత్తగారు వచ్చి తీశారు. ఆవిడకి కళ్ళు ఆనవు గానీ చెవులు మాత్రం పాము చెవులు. నేను నిట్టూరిస్తే గోడ అవతల వినిపిస్తుంది.

"పిలవొచ్చుగదే. నోరేమైంది?"

"నిద్రపోయానత్తయ్యా" అన్నాను.

ఆవిడ గడియని చేత్తో తడిమి తడిమి చూశారు.

మార్చి 8

బావగారు రెండో దుకాణం తెరుస్తున్నారు. భోజనాల దగ్గర చెప్పారు.

"ఇదిగో, వచ్చే నెలకి దుకాణం రెడీ. అప్పటికి నీకేదీ కుదరకపోతే కౌంటర్లో కూర్చో. పరాయివాణ్ణి పెట్టుకోవడం ఎందుకు?"

"చూద్దాం అన్నయ్యా."

"చూడ్డానికేముందిరా. చదివించాను, కాదన్లేదు. బొమ్మలు బాగానే గీస్తావు. కానీ ఇల్లు గీస్తే ఇల్లు గడవదు."

అందరం నవ్వాం. ఆయన కూడా. బావగారిలో చెడ్డతనం లేదు. తమ్ముడి చదువు కోసం ఎంత నలిగారో అత్తగారు చెబుతూ ఉంటారు. అందుకే కాదనడానికి లేదు.

తర్వాత గిన్నెలు తోముతుంటే అక్క అంది: "అదే మేలు. మీకిక వేరే ఇల్లూ అదీ ఎందుకు, స్టోరుందిగా."

స్టోరుంది.

ఉద్యోగం వస్తే ఆఫీసుకి దగ్గరలో గది చూసుకుందామని పెళ్ళైన కొత్తలో అన్నారు. ఎలాంటి గది కావాలని అడిగితే సిగ్గేసి చెప్పలేదు. లోపల గడియ ఉంటే చాలు.

మార్చి 11

రాయాలో వద్దో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. హాల్లో ఫోను మోగింది. అత్తగారు తీశారు. కాసేపయ్యాక పెరటి గుమ్మంలోకి వచ్చి, "కోడలా, వాడు చేశాడే. వాడికి సైటొచ్చిందట. రావడం ఆలస్యమవుతుందట" అన్నారు.

సైటొచ్చింది! ఆఫీసులో చేర్చుకుని, కట్టే ఇంటి దగ్గర పని అప్పజెబితే సైటు ఇచ్చారంటారు. ఆయన స్నేహితుడికి సైటొచ్చిందని పోయిన నెల ఎంత ముచ్చటగా చెప్పారో. తడి బట్ట చేతిలో పట్టుకునే వంటింట్లోకి పరుగెత్తాను.

"అక్కా! ఆయనకి సైటొచ్చింది! ఉద్యోగం వచ్చింది!"

నా గొంతు నాకే కొత్తగా ఉంది. అక్క గరిటె పడేసి ఫోను దగ్గరకి వెళ్ళి దుకాణానికి చెప్పింది. బావగారు పని మానుకుని మిఠాయి పొట్లంతో వచ్చేశారు. అత్తగారు మాత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి నా వైపు చూస్తున్నారు. ఆనందంతో మాట రాలేదేమో అనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకి ఆయన వచ్చారు. ముఖాన కళ్ళజోడు.

బావగారు గుమ్మంలోనే వాటేసుకున్నారు. "ఏరా, అప్పుడే కళ్ళజోడు కూడా పెట్టేశావా! ఆఫీసరు వేషమా? నా పరువు నిలబెట్టావురా!"

ఆయన బావగారి భుజం మీదుగా నన్ను చూశారు. నేను మిఠాయి పళ్ళెం పట్టుకుని ఉన్నాను. ఆ చూపు చూడగానే నాకు తెలిసిపోయింది.

"అవునన్నయ్యా" అన్నారాయన.

గదిలోకి వచ్చాక తలుపు దగ్గరికి లాగి, గొంతు తగ్గించి చెప్పారు. రోజూ తలనొప్పి వస్తోందని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కళ్ళకి సైటొచ్చింది, అద్దాలు పడతాయన్నాడు డాక్టరు. "అమ్మతో చెప్పానే, కళ్ళ డాక్టరు దగ్గర్నుంచి చేస్తున్నానని. సరిగ్గా వినపడి ఉండదు."

"మరి అప్పుడే కాదనొచ్చుగా."

కళ్ళజోడు తీసి పెట్టె మీద పెట్టారు. తర్వాత, "అన్నయ్య నన్నలా పట్టుకుని ఎన్నేళ్ళయిందో తెలుసా" అన్నారు.

మార్చి 12

ఆయన సైటుకి వెళ్ళారు.

మార్చి 13

ఆయన సైటుకి వెళ్ళారు. ఈలోపల ఎలాగూ ఏదో ఒకటి దొరుకుతుంది. దొరికాక సైటు మారిందని చెప్పేస్తే సరిపోతుంది. నాలుగు రోజుల ముచ్చట. దీన్ని అబద్ధం అనుకోవడం ఎందుకు, ముందుగా చెప్పిన నిజం అనుకుంటే పోలా.

మార్చి 15

అక్కకి అన్నీ కావాలి.

"ఎవరి ఇల్లటా?"

"ఒక టీచరుగారిదట."

"ఎన్నంతస్తులు?"

"రెండు."

ఎందుకన్నానో. ఒకటని ఉంటే పని తేలికయ్యేది. నోరు లేనిదాన్నని పేరు, నోరు తెరిస్తే మేడలు.

భోజనాల దగ్గర బావగారు అడిగారు. "ఒకటే అంతస్తన్నావు కదరా, మీ వదిన రెండంటోందేం?" ఆయన చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. నేను గ్లాసులో నీళ్ళు పొయ్యబోయి బయట పోశాను.

"ముందు కిందది వేస్తారు, తర్వాత పైది. రెండూ ఒకేసారి ఎట్లా వేస్తార్రా?" అన్నారు అత్తగారు, మజ్జిగ కలుపుకుంటూ.

గండం గడిచింది.

మార్చి 17

ఇలా ఒకరొకటి ఒకరొకటి చెబితే కొంప మునుగుతుందని, ఆ ఇల్లేదో కాగితం మీద గీసేద్దామన్నారు ఆయన. టైల్సు పెట్టె మీద కాగితం పరిచారు. లైటు కిందికి వచ్చేలా నేను దాని వైరు పట్టుకున్నాను.

రిటైరైన టీచరుగారు, ఆవిడ చెల్లెలు. ఇద్దరే ఉంటారు. కింద హాలు, వంటిల్లు, పడకగది. పైన ఒక గది, డాబా. గోడంటే రెండు గీతలు. కిటికీ అంటే గోడలో సన్నటి మూడు గీతలు. తలుపంటే పావు చక్రం, ఎటు తెరుచుకుంటుందో అటు తిరుగుతుంది. ఇంత తేలికని తెలియదు. ఇన్నాళ్ళూ ఈ కాగితాల వెనకాల రాస్తూ కూడా, ముందు పక్క ఏముందో చదవలేకపోయాను.

"వంటింటికి కిటికీ ఎక్కడ?" అన్నాను.

"ఇదిగో."

"నిలబడి పని చేసేటప్పుడు వీపు వైపు వస్తుంది. బయట ఎవరొచ్చారో కనపడదు."

చెరిపి ఇటు గీశారు.

"స్టోరు గది?"

"మెట్ల కింద."

"దానికి లోపల కూడా గడియ పెట్టండి."

"స్టోరుకి లోపల గడియేంటోయ్!" అని నవ్వారు. నవ్వి, తల పైకెత్తి, మా తలుపు వైపు చూశారు. ఇన్నాళ్ళుగా ఈ గదిలో ఉంటున్నారు, తలుపు లోపలి వైపు చూడటం అదే మొదటిసారనుకుంటాను.

నా మొహం చూడకుండా గడియ గీశారు. చాలా చిన్నగా.

మార్చి 20

పునాదులు అయిపోయాయి.

మార్చి 22

"మరిదిగారూ, రోజంతా సైటులో ఉంటారు, బూట్లకి కాస్త సిమెంటైనా అంటదేం?" అంది అక్క. నవ్వుతూనే అంది.

ఇవాళ్టి నుంచి పొద్దున్నే పెట్టెల అడుగున ఉన్న తెల్లపొడి తీసి ఆయన బూట్లకి రాస్తున్నాను. ఎక్కువ కాకుండా, అంచుల్లోనే. అందరి పెళ్ళాలూ బూట్లు తుడుస్తారు.

మార్చి 26

కింది గోడలు లేచాయి. వంటింటి కిటికీ చట్రం పెట్టారని చెప్పాను. అత్తగారు ఆ కిటికీలోంచి ఏం కనపడుతుందని అడిగారు. ఎదురింటి మొక్కలు కనపడతాయన్నాను. "ఏం మొక్కలే?" అన్నారు. చెప్పాను. అక్క కూడా కూరగాయలు తరగడం ఆపి విన్నది. నేను మాట్లాడుతుంటే ఈ ఇంట్లో ముగ్గురు మనుషులు వినడం ఎన్నడైనా ఉందా? మూడో మనిషిని నేనే.

మార్చి 29

నెలాఖరు కదా, జీతం సంగతి వచ్చింది. మొదట్లో శిక్షణ, జీతం తర్వాత అన్నారాయన.

"అంటే ఎవరి కొంపో ఊరికే కట్టిపెడుతున్నావన్నమాట" అన్నారు బావగారు. మళ్ళీ తనే, "పోన్లే, పని వస్తుంది. కౌంటర్లోకి వేరేవాణ్ణి చూస్తాలే" అన్నారు.

ఆ మాటకి సంతోషించాలి. కౌంటరు తప్పింది. ఇంకేం కావాలి.

అబద్ధం బయటపడితే కౌంటరు కూడా ఉండదు. ఆయన ఇక అన్నగారి ముందు తలెత్తరు. తలెత్తని మనిషితో ఈ గదిలో ఎన్నేళ్ళు, అని లెక్క వేయబోయి మానేశాను.

ఏప్రిల్ 2

ఊడుస్తుంటే మేకుకి వేలాడుతున్న కాగితాల గొట్టం కనపడింది. దాని మూత మీద దుమ్ము. నేను రాసిన దుమ్ము కాదు.

ఆఫీసులకి తిరిగేటప్పుడు అది భుజాన ఉండాలి. ఎన్నాళ్ళ నుంచి మేకుకే ఉంది?

ఏప్రిల్ 3

అడిగాను. "గొట్టం ఇంట్లోనే వదిలేసి వెళ్తున్నారేం?"

"సైటుకి అవన్నీ ఎందుకు?" అన్నారు.

గదిలో ఇద్దరమే ఉన్నాం. తలుపు వేసే ఉంది. అక్క ఇంట్లో లేదు, బావగారు దుకాణంలో. నాతో అన్నారు ఆ మాట. నాతో.

ఏప్రిల్ 4

పై అంతస్తు.

ఏప్రిల్ 5

ఎక్కడికి వెళ్తున్నారో చెప్పారు. అడిగి అడిగి, చివరికి అడగడం మానేశాక చెప్పారు. పెద్ద గ్రంథాలయం ఉందట, ఫ్యాను కింద కూర్చుంటే ఎవరూ లేవమనరట. డబ్బాలో అన్నం అక్కడే మెట్ల మీద తింటారట. ఆఫీసులకి వెళ్ళడం మానేసి చాలా రోజులైందట.

"ఇంట్లో ఉద్యోగం ఉంది. బయటికి వెళ్తే లేదు. లేదనిపించుకోవడానికి రోజూ ఎందుకు వెళ్ళడం" అన్నారు.

బూట్లకి పొడి రాశాను. రాయకపోతే ఎట్లా.

ఏప్రిల్ 7, ఆదివారం

అనుకుంటూనే ఉన్నాను.

"ఇవాళ ఖాళీయే కదా, అందరం వెళ్ళి ఆ ఇల్లు చూసొద్దాం పదండి" అన్నారు బావగారు. టైల్సు తన దుకాణం నుంచే తీసుకోమని టీచరుగారికి చెప్పాలట. తమ్ముడి మొదటి ఇల్లు కదా, మంచి రకం వేయిస్తారట.

ఆయన మొహంలో నెత్తురు లేదు. కళ్ళజోడు తీసి తుడుస్తున్నారు, తుడుస్తున్నారు, అరిగిపోయేలా తుడుస్తున్నారు.

"ఇప్పుడేం చూస్తార్రా, ఇటుకలూ కంకరా" అన్నారు అత్తగారు. "నా మోకాళ్ళతో ఆ రాళ్ళల్లో నేను నడవలేను. నేను లేకుండా చూస్తే ఊరుకోను. పైన స్లాబు పడనివ్వు. వచ్చే ఆదివారం పోదాం."

"సరే, వచ్చే ఆదివారం."

వచ్చే ఆదివారం.

ఏప్రిల్ 8

ఈ రాత నాకు అలవాటైంది కాబట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

ఆయన బయలుదేరుతుంటే తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. గడియ లేని తలుపు. మనిషే గడియ అవ్వాలి.

"గొట్టం తీసుకోండి."

"ఎందుకు?"

"ఆ ఇల్లు తీసుకెళ్ళి చూపించండి."

"ఏ ఇల్లు?"

"మనం కట్టింది. టీచరుగారిది."

"పిచ్చా నీకు? ఆ టీచరు లేదు. ఆ చెల్లెలు లేదు. సైటే లేని ఇల్లు ఎవరు చూస్తారు?"

"సైటు లేదా? మీ కళ్ళకుందిగా!"

అన్న తర్వాత భయమేసింది. ఆయన నా వంక అలాగే చూశారు. తర్వాత మొదలైంది నవ్వు. గోడకి జారగిలబడి, టైల్సు పెట్టె మీద కూలబడి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నవ్వో మరొకటో నాకు సరిగ్గా తెలియలేదు. అక్క తలుపు తెరిచింది.

"ఏంటి, పొద్దున్నే ఇకఇకలు?"

"ఏం లేదు వదినా. సైటుకి వెళ్తున్నా."

గొట్టం భుజాన వేసుకున్నారు. దుమ్ము నా కొంగుతో తుడిచాను.

ఏప్రిల్ 9

రెండు చోట్ల అనుభవం లేదన్నారు.

ఏప్రిల్ 10

ఒకచోట చూశారట. బాగుందన్నారట. అనుభవం లేదన్నారట.

అనుభవమంటే ఏమిటో. మేం అనుభవిస్తున్నది చాలదా.

ఏప్రిల్ 11

ఏమీ లేదు. అక్క ఆదివారానికి ఏ బట్టలు కట్టుకోవాలో చూసుకుంటోంది.

ఏప్రిల్ 12

ముందు నుంచీ రాస్తాను, లేకపోతే తడబడతాను.

అచ్చు యంత్రాలు ఆడే ఇంటి పైన చిన్న ఆఫీసట. మెట్లు కూడా అదురుతుంటాయట. నడిపేది ఒక పెద్దావిడ. తల నెరిసిపోయింది, కళ్ళజోడుకి తాడు. కాగితాలన్నీ పక్కన పెట్టేసి టీచరుగారి ఇంటి దగ్గర ఆగిందట. కాలేజీలో గీసినవి పెద్ద పెద్ద భవనాలు, ఇది చిన్న ఇల్లు కదా అని ఈయనకి సిగ్గేసిందట.

"ఇది ఎక్కడ కట్టారు?" అందట.

కట్టామనే చెబుదామనుకున్నారట. ఇంట్లో నోరు అలవాటు పడింది కదా. ఆవిడ మొహం చూసి చెప్పలేకపోయారట. "ఎక్కడా కట్టలేదండీ" అన్నారట.

ఆవిడ వేలు మెట్ల కిందకి వెళ్ళిందట. "స్టోరు గదికి లోపల గడియ చూపించారేం? పొరపాటా?"

"కాదండీ."

"మరి?"

"ఎప్పుడైనా అందులో మనుషులు పడుకోవాల్సి రావచ్చు."

పెద్దావిడ ఆ గడియ మీద వేలు అలాగే ఉంచిందట. కింద యంత్రాలు ఆడుతున్నాయట. తర్వాత కాగితాలు తనే చుట్టి గొట్టంలో పెట్టి, "సోమవారం రండి" అందట. జీతం కూడా ఉందట. ఆఫీసులో ఒక ఆసుపత్రి పని నడుస్తోందట, దానికి తలుపులూ కిటికీలూ గీయాలట.

ఇదంతా నా చెవిలో చెప్పారు. మాట కంటే ఊపిరే ఎక్కువ వినపడింది. నేను నోటి మీద చెయ్యి పెట్టుకుని విన్నాను. ఉద్యోగం వచ్చింది. మొదటి ఉద్యోగం. కానీ ఈ ఇంట్లో ఉద్యోగం ఎప్పుడో వచ్చేసింది, మిఠాయిలు తిని అరిగించుకున్నారు. వచ్చిన ఉద్యోగం మళ్ళీ ఎలా వస్తుంది? అరవడానికి లేదు, గెంతడానికి లేదు. ఇద్దరం మంచం మీద పక్కపక్కన, బడిలో పిల్లల్లా, చేతులు కట్టుకుని కూర్చున్నాం.

భోజనాల దగ్గర అక్క పసిగట్టింది. "ఏంటి మరిదిగారూ, మొహం వెలిగిపోతోంది?"

"స్లాబు పడింది వదినా."

ఏప్రిల్ 13

ఆదివారం లోపల ఆ ఇంటిని ఏదో ఒకటి చెయ్యాలి.

సాయంత్రం ఆయన చెప్పేశారు. టీచరుగారికి మనసు మారిందట, ఊరు విడిచి చెల్లెలితో వెళ్ళిపోతోందట, పని ఆపేశారట. ఈయన పనితనం చూసి ఆఫీసులోకి తీసుకున్నారట, ఇక జీతం ఇస్తారట. సగం అబద్ధం, సగం నిజం. ఎక్కడ అతుకు వేశారో నాకే తెలియలేదు.

"అయ్యో! స్లాబు కూడా పడ్డాకా?" అంది అక్క. నిజంగా బాధపడింది పాపం. "ఆ వంటింటి కిటికీ ఎంత బాగుందో!"

"పోన్లే, జీతం వస్తోందిగా. ఎవడి ఇల్లు ఆగితే మనకేం" అన్నారు బావగారు.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను. అందరి ముందే ఏడ్చాను. కింద హాలు, పైన డాబా, మెట్ల కింద గది, కిటికీ అవతల మొక్కలు. ఒక్కో ఇటుకా నా నోటితో పెట్టాను. ఈ ఇంట్లో నేను మాట్లాడిన మాటలన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి.

"ఎవరి ఇల్లో ఆగిపోతే ఈ అమ్మాయికేంటి?" అన్నారు బావగారు వింతగా.

"మొగుడి మొదటి ఇల్లు కదరా, ఉండదూ" అన్నారు అత్తగారు.

ఏప్రిల్ 15, సోమవారం

ఆయన ఆఫీసుకి వెళ్ళారు. బూట్లు తుడిచాను. తుడుస్తుంటే చెయ్యి తనంతట తను పెట్టెల అడుగుకి వెళ్ళింది, తెల్లపొడి కోసం. వెనక్కి లాక్కున్నాను.

ఆయన వెళ్ళాక తలుపు మీద చప్పుడైంది. ఎవరో తడుతున్నారు. ఈ తలుపు తట్టిన వాళ్ళు లేరు. ఏం చెయ్యాలో తెలియక ఊరుకున్నాను. మళ్ళీ తట్టారు.

"రండి" అన్నాను.

అత్తగారు. వచ్చి మంచం మీద కూర్చున్నారు. తలుపు దగ్గరికి లాగమన్నారు. లాగాను.

"ఈసారి నిజంగానే వచ్చిందా?" అన్నారు.

"ఏంటత్తయ్యా?" అన్నాను.

"నాకు కళ్ళే ఆనవు కోడలా. వాడు ఫోన్లో 'కళ్ళ డాక్టరు దగ్గరున్నానమ్మా' అన్నాడు. చక్కగా వినపడింది."

"మరి... ఆ రోజే చెప్పొచ్చుగా అత్తయ్యా."

"చెబుదామనే నీ వెనకాలే వచ్చాను. నువ్వేమో తడి బట్ట పట్టుకుని అక్కా అని అరుస్తున్నావు. ఈ ఇంటికొచ్చాక నీ గొంతు అంత గట్టిగా విన్నది అదే. కాదే, అది కళ్ళ సైటే పిచ్చిదానా అని ఏ నోటితో చెప్పను?" దుప్పటి ముడతలు చేత్తో సర్దారు. "పెద్దాడు మంచివాడే. కానీ కౌంటర్లో కూలేశాడంటే చిన్నాడు మళ్ళీ లేవడు. నాకు తెలుసు."

మజ్జిగ కలుపుకుంటూ అన్న మాటలు, మోకాళ్ళ నొప్పి, ఏం మొక్కలే అని అడగడం, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నేను మేడ కడుతున్నాననుకున్నాను. కింద నిలబడి మోస్తున్నది ఈవిడ.

చేతి సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టారు. విప్పాను. ఇత్తడి గడియ, మేకులతో సహా.

"పెద్దాడి దుకాణం నుంచే తెప్పించాను. ఎందుకమ్మా అన్నాడు. స్నానాల గదిది వదులైందిరా అన్నాను." లేచి, గోడ పట్టుకుని, నా చెంప మీద ఒకటి చిన్నగా తట్టారు. "అబద్ధమాడినా అతికినట్టుండాలి. మీ ఆయనకి నేర్పు. రెండంతస్తులట, ఒకటట!"

ఏప్రిల్ 16

ఆఫీసు నుంచి వచ్చాక ఆయన గడియ బిగించారు. రోజంతా తలుపులే గీసి వచ్చిన మనిషి, రెండుసార్లు వంకరగా పెట్టి ఊడదీశారు. స్నానాల గది గడియ ఇక్కడికెందుకొచ్చిందని బావగారు అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో అత్తగారికి తెలిసే ఉంటుంది.

బయటి గడియ అలాగే ఉంది. తీసేద్దామా అన్నారాయన. ఉండనివ్వండి అన్నాను. అది ఈ ఇంటివాళ్ళది.

వేరే గదికి వెళ్ళడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. మొదటి జీతం బావగారి చేతికి ఇవ్వాలి, అది న్యాయం. తర్వాతిది అడుగుతారేమో. ఉల్లిపాయలు ఇక్కడే ఉన్నాయి. పెట్టెలూ ఉన్నాయి.

ఏప్రిల్ 17

మధ్యాహ్నం గడియ వేసుకుని మంచం మీద కూర్చున్నాను. ఏమీ చెయ్యలేదు. బట్టలు కూడా మార్చుకోవడం లేదు. ఊరికే.

అక్క వచ్చి తలుపు లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది.

"లోపలెవరు?"

ఎవరుంటారు. గొంతు దాకా వచ్చిన మాట ఈసారి తొంగి చూడలేదు.

"నేనే అక్కా. ఉండండి, తీస్తాను."

తీశాను. కొంచెం ఆలస్యంగా.